తట్టు తగ్గిన పదేళ్లకు

2025 సెప్టెంబరులో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీ ప్రజారోగ్య విభాగం, బడి వయసు బిడ్డ ఒకరు తట్టు కారణంగా తలెత్తిన మెదడు వ్యాధితో మరణించినట్టు ప్రకటించింది. ఆ బిడ్డకు తట్టు సోకింది ఆ ఏడాది కాదు. టీకా వేయించే వయసు ఇంకా రాని పసితనంలో సోకింది. అప్పట్లో తగ్గింది, బిడ్డ కోలుకుంది. ఏళ్లు గడిచాక అదే వైరస్ తెచ్చిన జబ్బు మెదడులో బయటపడింది. వైద్యులు దీనిని సబ్‌అక్యూట్ స్క్లిరోజింగ్ పాన్‌ఎన్‌సెఫలైటిస్ అంటారు. నోరు తిరగని పేరు కాబట్టి ఆసుపత్రుల్లో ఎస్ఎస్‌పీఈ అనే పొడి అక్షరాలతోనే వ్యవహారం నడుస్తుంది.

తెలుగు ఇళ్లలో తట్టు అనీ, కొన్నిచోట్ల పొంగు అనీ పిలిచే ఈ జబ్బును వారం పది రోజుల వ్యవహారంగా చూడటం పాత అలవాటు. దద్దుర్లు మాడిపోయి జ్వరం దిగితే అమ్మవారు చల్లబడిందని వేపాకు నీళ్లు పోసేవారు, అంతటితో సంగతి ముగిసేది. విచిత్రమేమిటంటే, ఆరోగ్య శాఖల లెక్కలు కూడా చాలావరకు ఇలాగే ముగుస్తాయి. ఒక ఊళ్లో తట్టు ప్రబలితే ఎంతమందికి సోకింది, ఎంతమంది ఆసుపత్రిలో చేరారు, ఎంతమంది చనిపోయారు అని లెక్క రాసి, కొత్త కేసులు ఆగిన కొన్ని వారాలకు ఆ పద్దు మూసేస్తారు. మెదడుకు సంబంధించిన నష్టంలో కొంత భాగం మాత్రం ఆ పద్దు మూసిన తర్వాతే మొదలవుతుంది. తట్టు చిన్న జబ్బేనన్న అభిప్రాయం ఇన్నేళ్లుగా చెక్కుచెదరకుండా ఉండటానికి ఈ ఎడం చాలావరకు కారణం.

తట్టు తర్వాత మెదడుకు వచ్చే జబ్బు ఒకటే కాదు. దద్దుర్లు వచ్చిన ఎన్నాళ్లకు లక్షణాలు కనిపించాయన్నది నాడీవైద్యులు మొదట అడిగే ప్రశ్న, ఎందుకంటే రోజుల్లో వచ్చేదానికీ నెలల్లో వచ్చేదానికీ ఏళ్లకు వచ్చేదానికీ లోపల జరిగే పని పూర్తిగా వేరు. దద్దుర్లు ఉండగానే గాని, అవి తగ్గిన ఒకటి రెండు వారాల్లో గాని వచ్చే మెదడువాపు తట్టు సోకిన ప్రతి వెయ్యిమందిలో సుమారు ఒకరికి వస్తుంది. బిడ్డ తేరుకుని మంచం దిగి ఆడుకోవడం మొదలుపెట్టిన దశలో మళ్లీ జ్వరం, తలనొప్పి, మగత, ఆ వెంటనే ఫిట్స్ కనిపిస్తాయి. 1790లోనే ఇంగ్లండుకు చెందిన శస్త్రవైద్యుడు జేమ్స్ లూకాస్ తట్టు తగ్గుతున్న ఒక యువతిలో ఇలాంటి నాడీ సమస్యను గమనించి నమోదు చేశాడు. ఈ మెదడువాపు వచ్చినవారిలో సుమారు 15 శాతం మంది మరణిస్తారు, నాలుగో వంతు మందికి వినికిడి, చదువు, కదలికలకు సంబంధించిన లోపాలు జీవితాంతం మిగులుతాయి.

ఇందులో గమనించదగిన సంగతి ఒకటుంది. దద్దుర్లు తగ్గాక వచ్చే రకంలో, చనిపోయినవారి మెదడును పరీక్షిస్తే సాధారణంగా వైరస్ దొరకదు. పెరూ రాజధాని లిమాలో ఇలాంటి రోగులపై చేసి 1984లో ప్రచురించిన అధ్యయనం దీనికి ఒక ఆధారం చూపింది: వైరస్‌తో పోరాడటానికి లేచిన రోగనిరోధక వ్యవస్థ, నాడీతంతువులను కప్పి ఉంచే మైలిన్ తొడుగునే శత్రువుగా పొరబడి దాడి చేస్తోంది. అంటే ఇక్కడ హాని చేసేది వైరస్ కాదు, దాన్ని తరిమే ప్రయత్నం. వారాల్లోనే జబ్బు బయటపడటానికి కారణం కూడా అదే. రోగనిరోధక ప్రతిస్పందన ఉధృతంగా ఉండే కాలం అది.

రోగనిరోధక శక్తి దెబ్బతిన్న పిల్లల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ నడుస్తుంది. రక్త క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్న పిల్లలు, అవయవ మార్పిడి తర్వాత మందులు వాడుతున్నవారు, హెచ్ఐవీ ఉన్నవారు ఈ కోవలోకి వస్తారు. తట్టు దద్దుర్లను కలిగించేది కూడా శరీరపు ప్రతిస్పందనే కాబట్టి వీరిలో కొందరికి దద్దుర్లే రావు. తట్టు వచ్చిందని ఎవరికీ తెలియదు. ఏడాదిలోపే, మందులకు లొంగని ఫిట్స్‌తో జబ్బు బయటపడుతుంది. తరచుగా శరీరంలో ఒక పక్కనే, ఒక చేయో ముఖంలో ఒక భాగమో ఆగకుండా కొట్టుకుంటూ ఉంటుంది. నాలుగింట మూడొంతుల మంది మరణిస్తారు. వీరి మెదడు కణాల్లో వైరస్ నిండుగా ఉంటుంది. మొదటి జబ్బులో రక్షణ అతి కావడం, రెండోదానిలో రక్షణ లేకపోవడం – ఒకే వైరస్, రెండు వ్యతిరేక దారులు.

ఎస్ఎస్‌పీఈ ఈ రెంటిలో దేనికీ పొసగదు. ఈ పిల్లల రోగనిరోధక శక్తి సాధారణ పరీక్షల్లో మామూలుగానే ఉంటుంది. వారి రక్తంలో, మెదడు చుట్టూ ఉండే వెన్నుద్రవంలో తట్టు వైరస్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు అసాధారణమైన మోతాదులో ఉంటాయి. అయినా వైరస్ చావదు. ఈ చిక్కును అర్థం చేసుకోవడానికి వైద్యానికి చాలా కాలమే పట్టింది.

1933లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో రోగనిర్ధారణ శాస్త్రజ్ఞుడు జేమ్స్ డాసన్, క్రమంగా మతి క్షీణించి చనిపోయిన ఒక కుర్రవాడి మెదడు కణాల్లో వింత ముద్దలను చూశాడు. ఇది వైరస్ పని కావచ్చని అనుమానించాడు గాని ఏ వైరస్సో చెప్పగలిగే సాధనాలు అప్పటికి లేవు. 1945లో బెల్జియంలో లూడో వాన్ బోగార్ట్ ఇదే జబ్బును మెదడులోని తెల్ల పదార్థం గట్టిపడే వ్యాధిగా వర్ణించాడు. జర్మనీలో మరో పేరుతో ఇంకొందరు వర్ణించారు. వేర్వేరు దేశాల్లో వేర్వేరు పేర్లతో తిరుగుతున్నది ఒకటే జబ్బని 1950లో బ్రిటన్‌కు చెందిన గ్రీన్‌ఫీల్డ్ తేల్చి, ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు ఖాయం చేశాడు. 1965లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద తట్టు వైరస్ కుటుంబానికి చెందిన గొట్టాల వంటి నిర్మాణాలు కనిపించాయి. 1967లో బెల్‌ఫాస్ట్ వైద్యులు రోగుల్లో తట్టు యాంటీబాడీలు విపరీతంగా ఉన్నట్టు చూపారు. చివరకు 1969లో వైరస్‌ను మెదడు నుంచి వేరుచేయగలిగారు. అది కూడా సూటిగా కుదరలేదు. రోగి మెదడు కణాలను, తట్టు వైరస్ సులభంగా పెరిగే వేరే కణాలతో కలిపి పెంచితే తప్ప వైరస్ బయటికి రాలేదు. ఆ మొండితనంలోనే అసలు రహస్యం ఉందని తర్వాత తెలిసింది.

మామూలు తట్టు వైరస్ ఒక కణంలోకి దూరాలంటే ఆ కణం మీద దానికి తగిన గ్రాహకం ఉండాలి. రోగనిరోధక కణాల మీద సీడీ150, శ్వాసమార్గపు పొర కణాల మీద నెక్టిన్-4 అనే ప్రోటీన్లు ఆ పని చేస్తాయి. నాడీకణాల మీద ఈ రెండూ లేవు, కాబట్టి మెదడు వైరస్‌కు అనువైన చోటు కాదు. అయినా తొలి జబ్బు సమయంలో ఏదో విధంగా కొద్దిపాటి వైరస్ మెదడుకు చేరి, అక్కడ చావక మిగిలితే, అప్పటి నుంచి అది తన జన్యువులను మార్చుకుంటూ పోతుంది. ముఖ్యంగా రెండు మార్పులు కనిపిస్తాయి. కొత్త వైరస్ రేణువులను కూర్చి కణం నుంచి బయటికి పంపడంలో ఎం అనే ప్రోటీన్ పాత్ర కీలకం. ఎస్ఎస్‌పీఈ రోగుల మెదడులోని వైరస్‌లో ఈ ప్రోటీన్ జన్యువు వందల చోట్ల దెబ్బతిని పనికిరాకుండా పోయి ఉంటుంది. జన్యు అక్షరాల్లో ఒకే రకం మార్పు గుంపులుగా జరగడాన్ని బట్టి, మన కణాల్లోనే ఉండే ఏడార్ అనే ఎంజైమ్ ఈ చెరుపుకు కారణమై ఉండవచ్చని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. రెండో మార్పు ఎఫ్ అనే ప్రోటీన్‌లో. కణాల పొరలను ఒకదానితో ఒకటి కలిపేది ఇది. మార్పు చెందిన ఎఫ్ ప్రోటీన్‌కు మామూలు గ్రాహకాలతో పని ఉండదు. పక్క నాడీకణపు పొరతో తేలిగ్గా కలిసిపోతుంది.

రెంటినీ కలిపి చూస్తే జబ్బు నడక అర్థమవుతుంది. వైరస్ ఇంక రేణువుగా కణం బయటికి రాదు. ఒక నాడీకణం నుంచి దానికి ఆనుకుని ఉన్న మరో నాడీకణానికి, లోపలి గోడలు పడగొట్టి గది నుంచి గదికి పోయే దొంగలా, వీధిలోకి అడుగు పెట్టకుండానే పోతుంది. యాంటీబాడీలు కాపలా కాసేది వీధిలో. వెన్నుద్రవంలో అవి ఎంత ఎక్కువగా ఉన్నా ప్రయోజనం లేకపోవడానికి ఇదే కారణం. 1969లో పరిశోధకులు వేరే కణాలను తెచ్చి జోడించాల్సి రావడం, ఎస్ఎస్‌పీఈ ఉన్న బిడ్డ నుంచి మరొకరికి తట్టు అంటకపోవడం కూడా ఇందువల్లే. ఈ చివరి మాట వైద్యులు కుటుంబాలకు విడిగా, గట్టిగా చెప్పవలసినది. తోబుట్టువులను దూరంగా ఉంచాలేమోనన్న భయం అనవసరం.

2023లో జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి మరో పొర చేర్చారు. మెదడులో ఒకే నాడీకణంలో పాత ఎఫ్ ప్రోటీన్ ఉన్న వైరస్ జన్యువులు, మారినవి కలిసే ఉంటాయనీ, అవి ఒకదానికొకటి కొన్నిసార్లు అడ్డుపడతాయనీ, మరికొన్నిసార్లు సాయపడతాయనీ వారు చూపారు. ఒక మార్పు పుట్టినంత మాత్రాన అది గెలవదు. పక్కనున్న పాతవాటి అడ్డంకిని దాటగల మార్పులు పోగుపడాలి. ఏళ్ల తరబడి మౌనం ఎందుకన్న ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాకపోయినా మంచి సూచన. అదే ఏడాది అమెరికాలోని మేయో క్లినిక్ బృందం, ఈ జబ్బుతో చనిపోయిన ఒక వ్యక్తి మెదడులోని 15 భాగాల నుంచి వైరస్ జన్యువులను చదివి, అది నుదుటి వెనుక భాగపు మెదడు పొర నుంచి మిగతా చోట్లకు వ్యాపించినట్టు గుర్తించింది. ఒక్క రోగి మీద చేసిన పని కాబట్టి అందరికీ వర్తింపజేయలేము గాని, ప్రవర్తన, తీర్పు, శ్రద్ధ వంటివి నడిపేది ఆ భాగమే కావడం వల్ల, జబ్బు తొలి లక్షణాలతో అది పొసగుతోంది.

తొలి లక్షణాలు ఇంట్లో కంటే బడిలో ముందు కనిపిస్తాయి. తరగతిలో బాగా చదివే పిల్లవాడు నెమ్మదిగా వెనకబడతాడు, రాత వంకర పోతుంది, నిన్న చెప్పిన పాఠం ఇవాళ గుర్తుండదు, చిరాకు, మొండితనం పెరుగుతాయి. ఫోను ఎక్కువ చూస్తున్నాడనో, సావాసం చెడిందనో, ఎవరి దృష్టో తగిలిందనో పెద్దలు అనుకునే వ్యవధి ఇదే. తర్వాతి దశ ఎవరూ పొరబడలేనిది: కొన్ని సెకన్లకోసారి ఒళ్లు ఉలిక్కిపడినట్టు అదురుతుంది, తల ముందుకు వాలిపోతుంది, చేతిలో గ్లాసు జారిపడుతుంది, నడుస్తూ నడుస్తూ కూలబడతాడు. దీనిని మామూలు మూర్ఛగా భావించి మందులు మొదలుపెట్టడం తరచుగా జరుగుతుంది. కొందరిలో చూపు తగ్గడమే మొదటి లక్షణం. కంటి వెనుక పొర దెబ్బతినడం వల్ల నేత్రవైద్యుడి దగ్గరే జబ్బు పట్టుబడిన సందర్భాలున్నాయి. ఆపైన కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి, మాట పోతుంది, మింగలేని స్థితి వస్తుంది, చివరకు కళ్లు తెరిచి ఉన్నా చుట్టూ ఏం జరుగుతోందో తెలియని స్థితిలోకి బిడ్డ జారిపోతుంది. జబ్బు గుర్తించిన తర్వాత చాలామంది ఒకటి నుంచి మూడేళ్లలో మరణిస్తారు. కొందరిలో నెలల్లోనే ముగుస్తుంది. సుమారు 5 శాతం మందిలో జబ్బు దానంతట అదే కొంతకాలం నెమ్మదిస్తుంది, ఎందుకో స్పష్టంగా తెలియదు.

నిర్ధారణకు ఖరీదైన యంత్రాలు తప్పనిసరి కాదు. మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీలో, మెదడు రెండు పక్కలా ఒకేసారి, 4 నుంచి 10 సెకన్లకోసారి పెద్ద అలలు లేస్తాయి. ఒంటి అదురుకూ ఆ అలకూ తాళం కలుస్తుంది. ఈ నమూనాను మొదట వర్ణించిన రాడెర్‌మెకర్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. దానికి తోడు వెన్నుద్రవంలో తట్టు యాంటీబాడీల మోతాదు చూస్తే చాలావరకు సందేహం తీరిపోతుంది. ఎంఆర్ఐ తొలి నెలల్లో మామూలుగానే ఉండవచ్చు, అందువల్ల స్కానింగ్ బాగుందన్న ఒక్క కారణంతో ఈ అనుమానాన్ని కొట్టిపారేయకూడదు. అసలు ఇబ్బంది అనుమానం రావడంలోనే ఉంది. తట్టు చాలా అరుదైపోయిన దేశాల్లో యువ వైద్యులు ఈ జబ్బును చూసి ఉండరు. బెంగళూరులోని నిమ్హాన్స్ వంటి మన దేశపు నాడీవైద్య కేంద్రాలకు మాత్రం ఇది చిరపరిచితమే. ఆ పరిచయం గర్వించదగినది కాదు. టీకా అందని పిల్లల సంఖ్యకు అది మరో రూపం.

ఈ జబ్బు ఎంత అరుదు అన్న ప్రశ్నకు వచ్చిన జవాబులు కాలంతో పాటు మారుతూ వచ్చాయి. 1960 నుంచి 1974 వరకు అమెరికాలో నమోదైన వివరాలను బట్టి పది లక్షల తట్టు కేసులకు 8.5 ఎస్ఎస్‌పీఈ కేసులని లెక్కగట్టారు. 1989 నుంచి 1991 వరకు అక్కడ తట్టు మళ్లీ ప్రబలి సుమారు 55,000 మందికి సోకింది. ఆ పిల్లల్లో తర్వాతి ఏళ్లలో బయటపడిన ఎస్ఎస్‌పీఈ కేసులను వెనక్కి లెక్కవేస్తే ముప్పు పదివేల మందిలో ఒకరికి దగ్గరగా వచ్చింది. అంటే పాత లెక్కకు దాదాపు పది రెట్లు. జర్మనీలో అయిదేళ్లలోపు తట్టు సోకిన పిల్లలను విడిగా చూసినప్పుడు 1,700 నుంచి 3,300 మందిలో ఒకరని తేలింది. కాలిఫోర్నియాలో 1998 నుంచి 2015 వరకు గుర్తించిన 17 కేసులను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనం మరీ కలవరపెట్టింది: అయిదేళ్లలోపు సోకినవారిలో 1,367 మందిలో ఒకరు, ఏడాది నిండకముందు సోకినవారిలో 609 మందిలో ఒకరు.

వైరస్ ఇంతలో కొత్తగా క్రూరంగా మారిందని ఈ అంకెలకు అర్థం కాదు. భాగించే సంఖ్య మారింది. తట్టు సోకిన అన్ని వయసులవారినీ కలిపి సగటు తీస్తే ముప్పు పలచబడి కనిపిస్తుంది. పసిపిల్లలను విడదీస్తే చిక్కబడుతుంది. కాలిఫోర్నియా అధ్యయనంలోని కేసులు పదిహేడే కాబట్టి 609 అన్న అంకెను గీటురాయిగా పట్టుకోవడం తొందరపాటే అవుతుంది, కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు. దిశ మాత్రం అన్ని అధ్యయనాల్లోనూ ఒకటే. ఆ పదిహేడు మందిలో గతంలో తట్టు లాంటి జబ్బు వచ్చినట్టు ఆధారం దొరికిన పన్నెండు మందికీ అది 15 నెలల వయసు లోపే వచ్చింది. జబ్బు బయటపడటానికి పట్టిన కాలం రెండున్నరేళ్ల నుంచి 34 ఏళ్ల వరకు ఉంది, మధ్యస్థంగా తొమ్మిదిన్నరేళ్లు, అంటే సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి ఎక్కువ.

పసితనంలోనే ఎందుకు అన్నదానికి రెండు కారణాలు చెబుతారు. ఆ వయసులో రోగనిరోధక వ్యవస్థ, ముఖ్యంగా వైరస్ సోకిన కణాలను వెతికి చంపే భాగం, ఇంకా పరిపక్వం కాలేదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కొద్దికొద్దిగా తగ్గిపోతూ ఉంటాయి. వైరస్‌ను పూర్తిగా అడ్డుకోవడానికి చాలవు, అలాగని పూర్తిగా లేకుండానూ పోవు. ఆ సగం సగం రక్షణలో వైరస్ అణిగిమణిగి ఉండిపోవడానికి వీలు దొరుకుతుందన్నది ఒక బలమైన అభిప్రాయం. రెండూ కలిసే పనిచేస్తుండవచ్చు.

పసిపిల్లలు తమంతట తాము టీకా వేయించుకోలేరు, వేయించే వయసూ వారిది కాదు. 1999లో జర్మనీలో పిల్లల వైద్యుడి దగ్గర వేచి ఉండే గదిలో జరిగిన సంఘటనను ఇందుకు ఉదాహరణగా తరచుగా చెబుతారు. తట్టు ఉన్న, టీకా వేయించని ఒక పదకొండేళ్ల బాలుడి నుంచి అక్కడే ఉన్న పిల్లలకు తట్టు అంటింది. వారిలో ఇద్దరు పసివాళ్లు తర్వాత ఎస్ఎస్‌పీఈ బారిన పడి, పన్నెండేళ్లు దాటాక చనిపోయారు. తట్టు ఉన్న మనిషి గది వదిలి వెళ్లిన రెండు గంటల వరకు వైరస్ గాలిలో ఉండగలదు, దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందే అంటుకోవడం మొదలవుతుంది. ఆ గదిలో ఎవరిని ఎవరు తప్పించుకోగలరు? 2020 మార్చి నుంచి జర్మనీ బడుల్లో, శిశు సంరక్షణ కేంద్రాల్లో చేరే పిల్లలకు తట్టు టీకాను చట్టప్రకారం తప్పనిసరి చేసింది.

టీకాలోనూ బతికున్న వైరస్సే ఉంటుంది కదా, దానివల్ల ఇదే జబ్బు రాదా అన్న సందేహం సహజమైనదే. దీనికి జవాబు జన్యు పరీక్షలు ఇచ్చాయి. రోగుల మెదడు కణజాలంలో దొరికిన వైరస్ జన్యువులను చదివిన ప్రతిచోటా అవి సహజంగా తిరిగే తట్టు వైరస్‌వే అయ్యాయి, టీకా రకం ఒక్కసారీ దొరకలేదు. టీకా వేసినా ఈ జబ్బు వచ్చిన పిల్లలు లేకపోలేదు. అంతకుముందే, చాలావరకు పసితనంలో, గుర్తించని తట్టు వారికి సోకి ఉండటమే దానికి వివరణ. టీకా విస్తరించిన దేశాలన్నిటా ఈ జబ్బు కూడా కొన్నేళ్ల ఎడంతో తగ్గిపోయింది. టీకాయే కారణమైతే లెక్క తలకిందులై ఉండాలి.

చికిత్స విషయానికి వస్తే చెప్పడానికి ఎక్కువ లేదు. వైరస్‌ను అణచడానికి ఇచ్చే ఐసోప్రినోసిన్ మాత్రలు, మెదడు కుహరాల్లోకి ఎక్కించే ఇంటర్‌ఫెరాన్ అనే మందు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. 2003లో వెలువడిన అంతర్జాతీయ పరీక్షలో మాత్రలు మాత్రమే తీసుకున్నవారిలోనూ, రెండూ తీసుకున్నవారిలోనూ సుమారు మూడో వంతు మందికి జబ్బు నిలకడగా ఉండటమో కొంత మెరుగుపడటమో జరిగింది. రెండు గుంపుల మధ్య తేడా లేదు. పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. ఒంటి అదుర్లను తగ్గించడానికి కార్బమజెపైన్, వాల్ప్రోయేట్, క్లోబజామ్ వంటివి ఉపయోగపడతాయి. ఆ తర్వాత భారమంతా ఇంటి మీద పడుతుంది: గొట్టం ద్వారా ఆహారం, గంటగంటకూ పక్క మార్చడం, పుండ్లు పడకుండా చూడటం. ఈ పని సాధారణంగా తల్లి చేస్తుంది, ఏళ్ల తరబడి చేస్తుంది, ఏ గణాంకంలోనూ అది చేరదు.

మన దేశంలో తట్టు టీకా 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమంతో వచ్చింది, రెండో డోసు 2010 నుంచి చేరింది. 2017లో తట్టు, రుబెల్లా రెంటికీ కలిపి ఎంఆర్ టీకాను 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలందరికీ వేసే కార్యక్రమం మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అది ఆ ఏడాది ఆగస్టులో జరిగింది. ఇప్పటి షెడ్యూలు ప్రకారం మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. అమెరికాలో మొదటి డోసు 12 నెలలు నిండాకే. తల్లి యాంటీబాడీలు ఎక్కువగా ఉండగా వేస్తే టీకా సరిగా పట్టదు. ఆలస్యం చేస్తే పసివాడికి ముప్పు. తట్టు ఎక్కువగా తిరిగే చోట కొంత పట్టు పోయినా ముందే వేయడం మేలన్న నిర్ణయం ఈ తేడాకు మూలం.

విదేశాల్లో ఉండే తెలుగు కుటుంబాలకు ఈ తేడా నేరుగా తగులుతుంది. అన్నప్రాశనకో, తాతయ్య నాయనమ్మలకు చూపించడానికో ఆరేడు నెలల పాపను తీసుకుని అమెరికా నుంచి వచ్చేవారు చాలామందే ఉంటారు. అక్కడి షెడ్యూలు ప్రకారం ఆ పాపకు తట్టు టీకా అప్పటికి పడి ఉండదు. అందుకే 6 నుంచి 11 నెలల పిల్లలను విదేశ ప్రయాణం చేయిస్తున్నప్పుడు ముందుగా ఒక డోసు వేయించాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సూచిస్తుంది. ఆ డోసు లెక్కలోకి రాదు, ఏడాది నిండాక మళ్లీ రెండు డోసులు వేయించాలి. టికెట్లు, పాస్‌పోర్టు, ఓసీఐ కార్డుల హడావిడిలో ఈ ఒక్క పని మరిచిపోయేవారే ఎక్కువ కావచ్చు.

తొమ్మిది నెలలు నిండని పిల్లల సమస్య ఇక్కడా ఉంది. 2022 చివర్లో ముంబయిలో, ముఖ్యంగా గోవండీ వంటి ఇరుకు బస్తీల్లో తట్టు ప్రబలినప్పుడు, తొమ్మిది నెలల లోపు పిల్లల కేసులు మొత్తంలో పది శాతం దాటిన చోట్ల ఆరు నెలలు నిండిన పిల్లలకు కూడా ఒక డోసు వేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ సూచించింది. కొవిడ్ కాలంలో టీకా సేవలు కుంటుపడటం ఆ వ్యాప్తి వెనుక ఉన్న కారణాల్లో ఒకటి. ప్రపంచం మొత్తం మీద 2021 ఒక్క ఏడాదిలో దాదాపు నాలుగు కోట్ల మంది పిల్లలు ఏదో ఒక తట్టు డోసు తప్పిపోయారు. 2023లో కోటీ మూడు లక్షల మందికి తట్టు సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. తట్టు వ్యాప్తి ఆగాలంటే 95 శాతం మందికి రెండు డోసులూ పడాలి. 2023లో ప్రపంచవ్యాప్తంగా రెండో డోసు అందినది 74 శాతం మందికే. తట్టు, రుబెల్లాల నిర్మూలనకు మన దేశం పెట్టుకున్న 2023 గడువు దాటిపోయి 2026కు మారింది.

2022, 2023లలో పసితనంలో తట్టు సోకిన పిల్లలు 2030 ప్రాంతంలో బడుల్లో ప్రాథమిక తరగతులు చదువుతూ ఉంటారు. తొమ్మిదిన్నరేళ్ల మధ్యస్థ వ్యవధిని బట్టి చూస్తే వారిలో కొందరి లక్షణాలు ఆ తర్వాతి రెండు మూడేళ్లలో బయటపడతాయి. అప్పుడు నాడీవైద్యుడు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, చిన్నప్పుడు తట్టు వచ్చిందా అని. ఊరు మారి, పనికోసం నగరం మారి, అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లవాడి విషయంలో దానికి జవాబు చెప్పగలిగే మనిషి ఆ గదిలో ఉండకపోవచ్చు. టీకాల తేదీలు రాసుకునే కార్డులోనే తట్టు వచ్చిన నెల, అప్పటికి బిడ్డ వయసు కూడా ఆరోగ్య కార్యకర్తతో రాయించుకుని, ఆ కార్డును అయిదేళ్లు దాటాక పారేయకుండా దాచిపెడితే, ఆ ప్రశ్నకు కాగితమైనా జవాబు చెబుతుంది.